సీమ నుంచి కొచ్చికి, కొచ్చి నుంచి అలప్పుళకు: రైలు, మెట్రో, బస్సు, సర్కారు పడవ

కేరళ వెళ్లాలని ఉందని కర్నూలులోనో కడపలోనో నలుగురిలో అని చూడండి. వెంటనే ఒక ట్రావెల్స్ నంబరు, ఒక హౌస్‌బోటు ఫొటో, తలకు ఇంత అని ఒక లెక్క మీ చేతిలో పెడతారు. ఆ లెక్కలో పెద్ద వాటా కారుకూ హౌస్‌బోటుకూ పోయేదే. అదే నీటి మీద బడిపిల్లలు, కూలీలు, గుమస్తాలు, కూరగాయల బుట్టలు రోజూ తిరిగే సర్కారు పడవలున్నాయి. మనకు పల్లెవెలుగు బస్సు ఎలాగో వాళ్లకు ఆ పడవ అలాగ. దాన్ని బస్సులాగే ఎక్కి, బస్సులాగే దిగి, కొచ్చి నుంచి అలప్పుళకు, అక్కడి నుంచి కొట్టాయంకు చేరి, ఇంటికి తిరిగి వచ్చే దారి ఇది.

తొందర ఉన్నవాళ్లకు ఈ దారి పనికిరాదని ముందే చెబుతున్నాను. కొచ్చి నగరంలోని ఎర్నాకుళం నుంచి అలప్పుళకు అరవై కిలోమీటర్ల లోపే. రైలెక్కితే గంటన్నరలోపు దిగిపోవచ్చు. నేను చెప్పే దారికి ఒక పూట పడుతుంది. పెళ్లికో ఆసుపత్రి పనికో వెళ్లేవాళ్లు రైలే ఎక్కండి.

ఎప్పుడు వెళ్లాలి

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. జూన్‌లో మొదలయ్యే నైరుతి వానలు మనకు మబ్బులు చూపించి పోతాయి గానీ, అక్కడ కుండపోతగా కురుస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో మరో విడత ఉంటుంది. గాలివాన ఎక్కువైతే పడవలు ఆపేస్తారు. ఆగస్టులో అలప్పుళలో నెహ్రూ ట్రోఫీ పడవ పందెం జరుగుతుంది. పందెం చూడాలనుకుంటే వేరే మాట. లేదంటే ఆ రోజు ఆ ఊరికి పోకండి. పున్నమడ సరస్సులో మామూలు పడవలకు దారి ఉండదు, ఊళ్లో గదులు దొరకవు.

మార్చి నుంచి మేదాకా వెళ్లేవాళ్లకు ఒక మాట. అక్కడ మన అనంతపురం ఎండలాంటి ఎండ ఉండదు, కానీ ఉక్కపోత మనం ఎరగనిది. చెమట ఆరదు. మందపాటి జీన్స్ ఇంట్లోనే వదిలేసి నూలు బట్టలు తీసుకెళ్లండి.

రైలు టికెట్టు

మన కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల నుంచీ కేరళకు తిన్నగా పోయే పాత స్నేహితురాలు ఒకటుంది: పెద్దవాళ్లు ఇప్పటికీ జయంతి జనత అని పిలిచే రైలు. ఇప్పుడది పుణె–కన్యాకుమారి ఎక్స్‌ప్రెస్, నంబరు 16381. మంత్రాలయం రోడ్డు, ఆదోని, గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి, ఎర్రగుంట్ల, కడప మీదుగా తిరుపతి చేరి, అక్కడి నుంచి కాట్పాడి, సేలం, కోయంబత్తూరు, పాలక్కాడ్ దాటి ఎర్నాకుళం పోతుంది. సీమలో పగటిపూట ఎక్కితే మర్నాడు పొద్దున ఎర్నాకుళంలో ఉంటారు.

కడప వాళ్లకు ఇబ్బందే లేదు, ఊళ్లోనే ఎక్కడం. కర్నూలు వాళ్లు డోన్ మీదుగా గుత్తికి రావాలి. వంద కిలోమీటర్ల లోపు ప్రయాణం. అనంతపురం వాళ్లకు గుత్తి, తాడిపత్రి రెండూ ఇంచుమించు ఒకటే దూరం. గుత్తి ఎంచుకునే వాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: రైల్వే స్టేషను ఉన్న గుత్తి ఆర్.ఎస్. వేరు, కోట ఉన్న గుత్తి ఊరు వేరు. హైవే మీద దిగి ఆటో మాట్లాడుకునే సమయం కూడా లెక్కలో వేసుకుని బయలుదేరండి. ఆడవాళ్లకు స్టేషను దాకా బస్సు ఖర్చు ఉండదు. 2025 ఆగస్టు 15 నుంచి అమలైన స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు. సరిహద్దు దాటితే అది చెల్లదు, కేరళ బస్సులో ఆ మాట ఎత్తకండి.

హిందూపురం, ధర్మవరం, పుట్టపర్తి వైపు వాళ్లు వెనక్కి గుత్తి దాకా రావడం అనవసరం. బెంగళూరు వెళ్లి, అక్కడ రాత్రి బయలుదేరే కన్యాకుమారి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. దాని పాత పేరు ఐలాండ్ ఎక్స్‌ప్రెస్, నంబరు 16526. అదీ ఎర్నాకుళం మీదుగానే పోతుంది.

టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు. 120 రోజుల పాత లెక్క 2024 నవంబరుతో పోయింది. శబరిమల సీజనులో, అంటే నవంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా, ఈ రైలు నిండా నల్లబట్టల స్వాములే. అప్పుడు వెళ్లాలనుకుంటే తెరిచిన రోజే తీసుకోవాలి. తత్కాల్‌ను నమ్ముకునేవాళ్లు ఐ.ఆర్.సి.టి.సి. ఖాతాకు ఆధార్ ముందుగానే జత చేసుకోండి. ఆధార్ ధ్రువీకరణ లేకుండా ఆన్‌లైన్‌లో తత్కాల్ ఇవ్వడం లేదు. రైలు తన మొదటి స్టేషను నుంచి బయలుదేరే తేదీకి ముందు రోజు ఏసీ తరగతులకు పది గంటలకు, స్లీపరుకు పదకొండుకు తెరుస్తారు.

టికెట్టు తీసేటప్పుడు స్టేషను పేరు దగ్గర పొరపాటు పడవద్దు. ఎర్నాకుళంలో రెండు స్టేషన్లున్నాయి. ఊళ్లో వాళ్లు నార్త్ అనేది ఎర్నాకుళం టౌన్, సౌత్ అనేది ఎర్నాకుళం జంక్షన్. మన రైలు ఆగేది టౌన్‌లో. తిరుగు టికెట్టు మాత్రం కొట్టాయం నుంచి తీసుకోండి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

ఎర్నాకుళంలో దిగాక

టౌన్ స్టేషను నుంచి కాస్త నడిస్తే టౌన్ హాల్ మెట్రో స్టేషను. కొచ్చి మెట్రోకు ఒకటే లైను, ఆలువ నుంచి త్రిప్పూణితుర దాకా. దారి తప్పడానికి వీల్లేదు.

ఆ రోజు కొచ్చిలోనే ఉండండి. సాయంత్రానికి ఫోర్ట్ కొచ్చికి వెళ్లి రావచ్చు, అందుకు రెండు దారులున్నాయి. ఒకటి వాటర్ మెట్రో. 2023 ఏప్రిల్‌లో మొదలైంది. హైకోర్టు దగ్గరి టెర్మినల్ నుంచి ఫోర్ట్ కొచ్చికి 2024 నుంచి నడుస్తోంది. కొచ్చిన్ షిప్‌యార్డులో కట్టిన బ్యాటరీ పడవలివి. ఏసీ ఉంటుంది, వంద మంది పడతారు, లోపలికి పోవడానికి మెట్రో రైలులాగే గేట్లు. రేవులోని తేలే వేదిక నీటితోపాటే పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా గడప దాటినట్టు లోపలికి అడుగు పెట్టవచ్చు. టికెట్టు వంద రూపాయల్లో సగం కూడా కాదు. రెండోది ఎర్నాకుళం బోట్ జెట్టీ నుంచి రాష్ట్ర జల రవాణా శాఖ నడిపే మామూలు పడవ. ఏసీ లేదు, అద్దాలు లేవు, ధర ఇంకా తక్కువ. వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి ఎక్కమంటాను. నాకైతే గాలి తగిలే రెండోదే ఇష్టం. సెలవు రోజుల్లో సాయంత్రం ఫోర్ట్ కొచ్చి వైపు వరుస చాలా పొడుగు ఉంటుంది, చీకటి పడకముందే తిరిగి బయలుదేరండి.

ఫోర్ట్ కొచ్చి నుంచి వైపిన్ దీవికి మోటారు బైకులను, కార్లను ఎక్కించుకుని పోయే పంటు కూడా ఉంది. కొద్ది నిమిషాల దాటింపు. పిల్లలుంటే ఒకసారి ఎక్కించండి.

రాత్రికి మెట్రో లైనుకు దగ్గరలో గది తీసుకోండి. మర్నాడు పొద్దున్నే వైట్టిల చేరాలి.

వైట్టిల నుంచి వైకోం

వైట్టిలలో మెట్రో, వాటర్ మెట్రో, బస్టాండు మూడూ ఒకేచోట ఉంటాయి. సరస్సు దాటే పడవ దొరికే వైకోం ఊరికి అక్కడ బస్సు పట్టుకోవాలి. ప్రైవేటు బస్సులూ ఉంటాయి, కేరళ ఆర్టీసీవీ ఉంటాయి. దూరం ముప్పై అయిదు కిలోమీటర్లకు అటూ ఇటూ. ఇరుకు రోడ్లు, మలుపులు కాబట్టి గంట దాటుతుంది. బోర్డు మలయాళంలో ఉందని కంగారుపడవద్దు. కండక్టరును "చేట్టా (అన్నా), వైకోం?" అని అడిగితే చాలు, తలాడిస్తాడు. చిల్లర దగ్గర ఉంచుకోండి. బస్సు పూర్తిగా ఆగే దాకా లేవకండి. ఆ ప్రైవేటు డ్రైవర్ల వేగం ముందు మన కర్నూలు ఆటోలు సాధువులు.

ఆరున్నర, ఏడుకల్లా బయలుదేరమనడానికి కారణం గుడి. వైకోం మహాదేవ ఆలయం తెల్లవారుజామునే తెరుస్తారు, మధ్యాహ్నానికి మూసేస్తారు, మళ్లీ సాయంత్రమే తీయడం. మగవాళ్లు చొక్కా, బనియను విప్పి పంచెతో వెళ్లాలి. బ్యాగులో పైన ఒక పంచె పెట్టుకోండి. అక్కడికి వెళ్లాక వెతుక్కోవడం విసుగు. వైకోం, కడుత్తురుత్తి, ఏట్టుమానూర్ లింగాలను ఖరాసురుడు ప్రతిష్ఠించాడని, ఒక్క రోజులో మూడూ దర్శించుకుంటే విశేష పుణ్యమని అక్కడి నమ్మకం. ఈ ప్రయాణంలో మూడింటికీ సమయం చాలదు. వైకోం గుడి అన్నదానానికి కూడా పేరున్నది, దాన్ని ప్రాతల్ అంటారు.

గుడి చుట్టూ ఉన్న వీధుల్లో ఒక్కసారి నిలబడండి. కింది కులాలుగా ముద్ర వేసినవాళ్లు ఈ వీధుల్లో నడవకూడదన్న కట్టడిని ఎదిరించి 1924 మార్చి 30న మొదలైన వైకోం సత్యాగ్రహం ఇరవై నెలల దాకా సాగింది. పెరియార్ ఇక్కడికి వచ్చి జైలుకు వెళ్లారు. 1925 మార్చిలో గాంధీ వచ్చారు. ఆయన దిగింది కూడా పడవలోనే, ఇప్పుడు మీరు నడిచి వెళ్లబోయే రేవు పక్కనే.

వైకోం రేవు: అసలు దాటింపు

గుడి నుంచి రేవుకు నడిచే దూరమే. ఎదురుగా వేంబనాడ్ సరస్సు. మనం చెరువులు చూసిన కళ్లతో చూస్తే అది సముద్రమే అనిపిస్తుంది. అవతలి ఒడ్డు తవణక్కడవు, అలప్పుళ జిల్లా. ఈ రెండు ఒడ్ల మధ్య పొద్దున్నుంచి రాత్రి దాకా పడవలు తిరుగుతూనే ఉంటాయి. టైమ్‌టేబుల్ చూడనక్కర్లేదు, ఒకటి పోతే మరొకటి వస్తుంది. పదిహేను, ఇరవై నిమిషాల ప్రయాణం. టికెట్టుకు కావలసింది నోటు కాదు, చిల్లర నాణేలు.

ఇక్కడే 2017 జనవరిలో దేశంలో మొదటి సౌరశక్తి పడవ ఆదిత్య నీళ్ల మీదికి వచ్చింది. కొచ్చిలోనే కట్టారు. 75 మంది కూర్చోవచ్చు. పైకప్పు నిండా సౌర ఫలకాలు, అడుగున రెండు సన్నటి తొట్లు జంట కట్టినట్టుండే నిర్మాణం. ఆ రేవులో డీజిలు పడవలు కూడా నడుస్తాయి, ఏది దొరుకుతుందన్నది మీ అదృష్టం. వీలైతే ఒక పడవ వదిలేసి అయినా ఆదిత్య ఎక్కండి. రేవు వదిలిందని తెలిసేది ఒడ్డు జరగడం చూసే. ఇంజను మోత లేదు, కాళ్ల కింద వణుకు లేదు, డీజిలు వాసన లేదు. నీళ్లు తోసుకుపోతున్న చప్పుడు, పక్కవాళ్ల మాటలు మాత్రమే వినిపిస్తాయి. పావగడలో, గని గ్రామంలో ఎకరాలకు ఎకరాలు సౌర ఫలకాలు పరిచి ఉండగా చూసిన మనకు, అదే ఎండ ఒక పడవను మోస్తుంటే చూడడం ముచ్చటగా ఉంటుంది.

ఎక్కేటప్పుడు తోసుకోకండి. ముందు దిగేవాళ్లు దిగాలి. పడవలో ఉద్యోగి తాడు గుంజకు చుట్టి బిగించే దాకా అడుగు వేయకండి. పడవకూ రేవుకూ మధ్య సందు ఉంటుంది, పిల్లల చేయి వదలవద్దు. పెద్ద సామాను దారికి అడ్డం పెట్టకుండా సీటు కిందికి తోసేయండి.

నీళ్లంటే భయం ఉన్నవాళ్లకు

మనలో చాలామందికి ఈత రాదు, బావిలో నేర్చుకున్న పాతతరం తప్ప. భయం తప్పు కాదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగిన వార్త ఎవరూ మరచిపోలేదు. వేంబనాడ్‌కూ అలాంటి రోజు ఉంది. 2002 జూలై 27న ముహమ్మ నుంచి కుమరకోం వెళ్తున్న సర్కారు పడవ మునిగి 29 మంది చనిపోయారు. ఉద్యోగ పరీక్షకు వెళ్లేవాళ్లతో అది కిక్కిరిసి ఉంది. 2023 మేలో తానూర్‌లో మునిగిన విహార పడవలోనూ మోయాల్సిన వాళ్లకన్నా ఎక్కువ మందే ఉన్నారు.

కాబట్టి పాటించాల్సింది చిన్నదే, గట్టిదే. ఎంతమందిని ఎక్కించుకోవచ్చో పడవలోనే రాసి ఉంటుంది. నిండిందనిపిస్తే ఎక్కకండి, తర్వాతిది వస్తుంది. లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో కూర్చోగానే చూసుకోండి, అడిగితే ఇస్తారు, సిగ్గు పడనక్కర్లేదు. ఫొటో కోసం అందరూ ఒకే వైపుకు చేరకండి. చీకటి పడ్డాక ప్రైవేటు విహార పడవ ఎవరు తక్కువ ధరకు పిలిచినా వద్దనండి.

తవణక్కడవు నుంచి అలప్పుళ

రేవు బయటే చేర్తల బస్సులుంటాయి. చేర్తలలో మారి అలప్పుళ బస్సు ఎక్కాలి. జాతీయ రహదారి 66 మీద అవి వరుసగా పోతుంటాయి. కొచ్చి నుంచి నేరుగా ఈ రహదారి మీదే వస్తే అరూర్, తురవూర్ మధ్య పైవంతెన పనుల ట్రాఫిక్‌లో ఇరుక్కునే అవకాశం ఉంది. సరస్సు దాటి వచ్చేవాళ్లకు ఆ ముక్క తగలదు.

మనవాళ్లు అలెప్పీ అనేది ఈ అలప్పుళనే. బస్టాండు, బోట్ జెట్టీ పక్కపక్కనే కాలువ ఒడ్డున ఉంటాయి. మీరు బస్సు దిగగానే హౌస్‌బోటు దళారులు చుట్టుముడతారు. నవ్వి ముందుకు నడవండి. గది జెట్టీకి దగ్గరలో చూసుకోండి, రైల్వే స్టేషను వైపు కాదు. సాయంత్రం బీచ్‌కు వెళ్లిరండి. పాత రేవు వంతెన ఇనుప స్తంభాలు ఇంకా నీళ్లలో నిలబడి ఉన్నాయి. సముద్రంలో దిగి ఆడుకునే సరదా మాత్రం మోకాళ్ల దాకానే.

తిండి సంగతి ఒక్క ముక్క. అక్కడ లావుపాటి ఎర్ర మట్ట బియ్యం, కొబ్బరి నూనె. మనకు కారం ఆనదు. పప్పుల పొడో, ఎర్రకారమో ఒక డబ్బాలో పెట్టుకున్నవాళ్లు మూడో రోజుకు సుఖపడతారు. పుట్టు (ఆవిరిలో ఉడికించిన బియ్యప్పిండి), కడల (శనగల) కూర మాత్రం తప్పక తినండి.

అలప్పుళ నుంచి కొట్టాయం: రెండున్నర గంటల పడవ

ఈ ప్రయాణం మొత్తానికి ఇదే గుండెకాయ. పొద్దున మొదటి పడవే ఎక్కండి. ముందు రోజు సాయంత్రమే జెట్టీలో కిటికీ దగ్గర రెండు విషయాలు అడగాలి: మొదటి పడవ ఎన్నింటికి, అది కొట్టాయం కోడిమత రేవు దాకా పోతుందా, లేక ముందే కాంజిరం దగ్గర ఆగిపోతుందా. కాలువలో గుర్రపుడెక్క పేరుకుపోయినా, ఎత్తుడు వంతెనలు మొరాయించినా ఒక్కోసారి కాంజిరంలోనే దించేస్తారు. అక్కడి నుంచి బస్సో ఆటోనో కొట్టాయం చేరుస్తుంది, కానీ ముందే తెలిసి ఉంటే మంచిది. టికెట్టుకు వంద కాగితం ఇస్తే చిల్లర తిరిగి వస్తుంది. ఎక్కే ముందే మరుగుదొడ్డికి వెళ్లిరండి. మంచినీళ్లు, నాలుగు అరటిపండ్లు దగ్గర పెట్టుకోండి.

ముందు వైపు కూర్చోండి, సరంగు కనిపించేలా. డీజిలు పడవల్లో సరంగు పైన చుక్కాని పట్టుకుంటాడు, ఇంజను మనిషి వేరేచోట ఉంటాడు. ఇద్దరికీ మధ్య మాటల్లేవు, గంట తాడే మాట. ఒక మోత, కాస్త ఆగి రెండు మోతలు. ఆ వెంటనే ఇంజను గొంతు మారుతుంది, పడవ నెమ్మదించి ఒడ్డుకు ఒరుగుతుంది. కొబ్బరిచెట్టు కింద సిమెంటు మెట్టు, దాని మీద సంచీతో ఒక ముసలామె, అదే స్టాపు.

పున్నమడ దాటి సరస్సు అంచుకు వచ్చాక, ఆర్ బ్లాకు అనే మడుల ప్రాంతం వైపు కుట్టనాడు పొలాలు మొదలవుతాయి. వ్యవసాయం ఎరిగిన ఇంటి వాళ్లు ఇక్కడ ఫోను పక్కన పెట్టి చూడాలి. మీ పడవ నడిచే నీరు పైన ఉంటుంది, పక్కన వరి మడి కింద ఉంటుంది. సముద్ర మట్టానికి మీటరు నుంచి రెండు మీటర్లకు పైగా లోతున పంట. చుట్టూ మట్టికట్ట వేసి, లోపలి నీరు పంపులతో బయటికి తోడి నాట్లు వేస్తారు. బోరు ఎంత లోతుకు దించినా నీరు పడని నేల నుంచి వచ్చిన మనకు, నీరు తోడి పారబోస్తే గానీ సేద్యం జరగని నేల ఇక్కడ కనిపిస్తుంది. సముద్రపు ఉప్పునీరు పొలాల మీదికి రాకుండా ఉత్తరాన తణ్ణీర్‌ముక్కం దగ్గర సరస్సుకు అడ్డంగా కట్టే కట్టారు.

పడవ కాలువ మనకు కొత్త అనుకోకండి. సుంకేసుల నుంచి కడప దాకా ఉన్న మన కె.సి. (కర్నూలు–కడప) కాలువను 1863లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వడం మొదలుపెట్టింది సాగుకు మాత్రమే కాదు, సరుకు పడవలు నడపడానికి కూడా. ఆ పడవలు ఆగిపోయాయి, నీటి కోసం తగాదాలు మిగిలాయి.

తిరుగు రైలు

కోడిమత రేవు నుంచి కొట్టాయం స్టేషనుకు ఆటోలో పది, పదిహేను నిమిషాలు. తిరుగు రైలు కన్యాకుమారి–పుణె ఎక్స్‌ప్రెస్, 16382; కొట్టాయంకు మధ్యాహ్నం వేళకు వస్తుంది. మొదటి పడవ ఎక్కమన్నది, తిరుగు టికెట్టు ఇక్కడి నుంచి తీసుకోమన్నది ఇందుకే. రెండో పడవను నమ్ముకుంటే కాలువలో గుర్రపుడెక్క అడ్డుపడ్డ రోజు రైలు చెయ్యి దాటిపోతుంది. సమయాలు మారుతుంటాయి, బయలుదేరే ముందు రోజు రైల్వే ఎన్.టి.ఇ.ఎస్. యాప్‌లో సరిచూసుకోండి. భోజనం కొట్టాయంలోనే ముగించండి, రాత్రికి చపాతీలైనా పొట్లం అన్నమైనా కట్టించుకోండి.

కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి స్టేషన్లు నిద్ర ముంచుకొచ్చే వేళ మొదలుకొని తెల్లవారాక దాకా ఒకదాని వెనక ఒకటి వస్తాయి. 139కి ఫోను చేసి టికెట్టు మీది పి.ఎన్.ఆర్. నంబరు చెబితే, మీ స్టేషను దగ్గరపడుతుండగా ఫోను మోగే ఏర్పాటు ఉంది. పడుకునే ముందే ఆ పని చేసి, ఫోను చార్జింగులో పెట్టండి. కర్నూలు, అనంతపురం వాళ్లు గుత్తిలో దిగితే ఆటో ధర ఎక్కకముందే మాట్లాడుకుని హైవే మీదికి చేరండి. అటు బెంగళూరు, ఇటు హైదరాబాదు వైపు పోయే ఆర్టీసీ బస్సులు అక్కడ పొద్దున్నుంచే దొరుకుతాయి.